యు0126తో మెక్‌ని ఆపడం, ఆగిందని రుజువు చేసుకోవడం

సెల్ సిగ్నలింగ్ ల్యాబ్‌లో చేరిన కొత్తవాళ్ల చేతికి తొందరగా వచ్చే ఇన్హిబిటర్లలో యు0126 ఒకటి. సెల్ లోపల సిగ్నల్ మోసే మెక్ అనే ఎంజైమ్‌ని ఆపే రసాయనం ఇది. 10 మైక్రోమోలార్ వేస్తారు, సెల్స్ కదలడం తగ్గుతుంది, లేదా ఒక జీన్ దిగిపోతుంది. "కాబట్టి ఇది మెక్-ఎర్క్ దారిలో జరుగుతోంది" అని రాసేస్తారు. ఆ "కాబట్టి" అని అనే హక్కు ఊరికే రాదు. మీ సెల్స్‌లో, మీ డోసులో, మీరు చూసిన సమయంలో మెక్ నిజంగా ఆగిందా? మీరు చూసిన మార్పు మెక్ ఆగినందువల్లే వచ్చిందా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ చేతి బ్లాట్‌లోనే (ప్రొటీన్లని బ్యాండ్లుగా చూపే వెస్టర్న్ బ్లాట్) ఉండాలి, వేరే పేపర్లో కాదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లకైనా, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకైనా సరిపోయేలా, పౌడర్ వయల్ దగ్గర నుంచి బ్లాట్ చదవడం దాకా ఈ పని ఎలా చేయాలో చెబుతాను.

ముందు, ఇది చేసే పని ఏమిటి

గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి రిసెప్టర్‌కి తగిలితే రాస్ లేస్తుంది. రాస్ వల్ల రాఫ్, రాఫ్ వల్ల మెక్1, మెక్2, వాటివల్ల ఎర్క్1, ఎర్క్2 వరసగా యాక్టివ్ అవుతాయి. రాఫ్ నుంచి కింద ఒక్కో మెట్టులో జరిగేది ఒకటే: ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తీసి కింది ప్రొటీన్‌కి అంటించడం. ఇలా అంటించే ఎంజైమ్‌లనే కైనేజ్‌లు అంటారు. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోహ్‌మన్, అమెరికాలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి, ఇటు వీళ్లు అటు ఆయన విడివిడిగా కనిపెట్టారు. కైనేజ్‌ల మీద పనిచేసే తెలుగువాళ్లు ఈ సంగతి తెలుసుకొని ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మనిషి జీనోమ్‌లో కైనేజ్‌లు 500 పైనే ఉన్నాయి. ఏటీపీ కూర్చునే చోటు అన్నిట్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. అందుకే ఆ చోటులో దూరే ఇన్హిబిటర్లు ఒక కైనేజ్‌తో ఆగకుండా పక్కవాటినీ పట్టుకుంటాయి. పైగా సెల్‌లో ఏటీపీ మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది కాబట్టి దానితో పోటీ కూడా పడాలి. యు0126 ఆ చోటు జోలికి పోదు, ఏటీపీతో పోటీ పడకుండానే మెక్‌ని ఆపుతుంది. దీనికున్న సెలెక్టివిటీకి అసలు కారణం అదే. దీన్ని 1998లో డ్యూపాంట్ మెర్క్ పరిశోధకులు ప్రచురించారు. టెస్ట్ ట్యూబ్‌లో ఐసీ50 (ఎంజైమ్ పనిని సగానికి తగ్గించే గాఢత) మెక్1కి 72 నానోమోలార్, మెక్2కి 58 నానోమోలార్ అని చెప్పారు.

ఆ రెండు అంకెలు చూసి సెల్స్‌కి 70 నానోమోలార్ చాలనుకోకండి. అవి శుద్ధి చేసిన ఎంజైమ్‌తో, ఒక ప్రత్యేకమైన అస్సేలో వచ్చినవి. సెల్స్‌లో సాధారణంగా మైక్రోమోలార్ స్థాయి కావాలి. ఎంత కావాలో మీ సెల్స్ మీదే తేల్చుకోవాలి.

ఇది ల్యాబ్ రీసెర్చ్ కోసం మాత్రమే, మందు కాదు. ఇదే మెక్‌ని ఆపే ట్రామెటినిబ్ 2013లో అమెరికాలో మెలనోమాకి మందుగా అనుమతి పొందింది. దాని అవసరం మనకు తర్వాత వస్తుంది.

స్టాక్ తయారీ: మాలిక్యులర్ వెయిట్ దగ్గర ఆగండి

వయల్ తెరిచే ముందు లేబుల్ చదవండి. యు0126 చాలావరకు ఇథనాల్ కలిసిన రూపంలో అమ్ముతారు, దాని మాలిక్యులర్ వెయిట్ 426.56. ఇథనాల్ లేని రూపానిది 380.5 దరిదాపు. ఇంటర్నెట్‌లో వెతికితే రెండూ కనిపిస్తాయి. మీ వయల్ మీద ఏది రాసి ఉందో దాన్నే లెక్కలోకి తీసుకోండి. 5 మిల్లీగ్రాముల ఇథనాల్ రూపానికి 1.17 ఎంఎల్ డీఎంఎస్ఓ (దీన్ని కరిగించే ద్రావకం) పోస్తే 10 మిల్లీమోలార్ వస్తుంది. పొరపాటున రెండో అంకెతో లెక్కేస్తే 1.31 ఎంఎల్ పోస్తారు, స్టాక్ 9 మిల్లీమోలార్ కూడా ఉండదు. పది శాతం తేడాయే కదా అనిపించొచ్చు. కానీ ఇద్దరు స్టూడెంట్లు ఇద్దరి లెక్కలతో ఒకే ఫ్రీజర్ బాక్సులో స్టాకులు పెడితే, తర్వాత ఎవరి డేటా ఎవరితో కలవక తల బద్దలు కొట్టుకుంటారు.

వయల్‌ని మూత తీయకుండా గది వేడికి రానివ్వండి. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలో తేమ పౌడర్ మీద చేరుతుంది. విజయవాడలో, విశాఖలో గాలిలో ఉండే ఉక్కకి ఇది మరీ ముఖ్యం. తర్వాత మైక్రోఫ్యూజ్‌లో ఒక్కసారి తిప్పండి, మూతకి అంటుకున్న పౌడర్ కిందికి దిగుతుంది. 1 మిల్లీగ్రాము, 5 మిల్లీగ్రాముల ప్యాక్ అయితే బయటికి తీసి తూచే ప్రయత్నం చేయకండి. అంత తక్కువ పౌడర్ స్పాచులాకే అంటుకుపోతుంది. డీఎంఎస్ఓని నేరుగా ఆ వయల్‌లోనే పోసి వోర్టెక్స్ చేయండి.

డీఎంఎస్ఓ సెల్ కల్చర్ గ్రేడ్‌ది, కొత్తగా తెరిచినది అయితే మంచిది. ఏళ్ల తరబడి షెల్ఫ్ మీద మూత వదులుగా ఉన్న సీసాలో నీళ్లు చేరి ఉంటాయి. గ్లవ్స్ తప్పనిసరి. డీఎంఎస్ఓ చర్మంలోంచి లోపలికి పోతుంది, తనలో కరిగినదాన్ని కూడా తీసుకుపోతుంది.

కరిగిన వెంటనే 50 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లోకి పంచి, ఫాయిల్ చుట్టి, మైనస్ 20లో గానీ మైనస్ 80లో గానీ పెట్టండి. ఒక ట్యూబు ఒక ప్రయోగానికే. మిగిలింది పారేయాలంటే ప్రాణం ఒప్పదు, ఖరీదు అలాంటిది. అయినా పారేయండి. యు0126 ద్రావణంలో నిలకడగా ఉండే అణువు కాదు. రూపం మార్చుకుంటుంది, తనలో తాను చుట్టుకుని రింగులా మూసుకుపోతుంది. అలా మారినవి మెక్‌ని అంత బాగా ఆపవు. దీన్ని తయారుచేసిన కెమిస్టులే ఈ సంగతి మొదట్లోనే రాశారు. కరిగించి మూడు నెలలు దాటిన స్టాక్‌ని నేను నమ్మను. ట్యూబు మీద పేరు, గాఢత, తేదీ, లాట్ నంబర్ రాయండి.

డోసులు: డీఎంఎస్ఓలోనే పలుచన చేయండి

ఎక్కువమంది తప్పుచేసే చోటు ఇది. 10 మైక్రోమోలార్‌కి 2 మైక్రోలీటర్లు, 5కి 1 మైక్రోలీటర్, 1కి 0.2 మైక్రోలీటర్ అంటూ ఒకే స్టాక్ నుంచి వేస్తారు. 0.2 మైక్రోలీటర్‌ని ఏ పిపెట్ నమ్మకంగా తీయలేదు. అదీగాక ఒక్కో వెల్‌లో డీఎంఎస్ఓ ఒక్కోలా ఉంటుంది, కంట్రోల్ దేనికి కంట్రోలో తెలియకుండా పోతుంది.

ఇలా చేయండి. 10 మిల్లీమోలార్ స్టాక్ 30 మైక్రోలీటర్లకి 70 మైక్రోలీటర్ల డీఎంఎస్ఓ కలిపితే 3 మిల్లీమోలార్. అదే స్టాక్ 10కి 90 కలిపితే 1 మిల్లీమోలార్. 3 నుంచి 10కి 90 కలిపితే 0.3, 1 నుంచి 10కి 90 కలిపితే 0.1. ఇప్పుడు ప్రతిదాన్నీ మీడియంలో వెయ్యి రెట్లు పలుచన చేస్తే 10, 3, 1, 0.3, 0.1 మైక్రోమోలార్ వస్తాయి, అన్నిట్లోనూ డీఎంఎస్ఓ 0.1 శాతమే. కంట్రోల్ వెల్‌కి కూడా అంతే డీఎంఎస్ఓ.

10 దాటి వెళ్లొద్దని నా సలహా. 20 వాడిన పేపర్లు చాలానే ఉన్నాయి. కానీ డోసు పెరిగేకొద్దీ మెక్ కాకుండా వేరేవాటిని తాకే అవకాశం పెరుగుతుంది, మీరు తర్వాత సంజాయిషీ చెప్పుకోవాల్సినవీ పెరుగుతాయి.

మీడియం 37 డిగ్రీలకి వెచ్చబెట్టి ఉండాలి. చల్లటి మీడియంలో వేస్తే బయటికి గడ్డకట్టే ప్రమాదం ఉంది. స్టాక్ చుక్కని నేరుగా సెల్స్ మీద వేయకండి. పడిన చోట ఉన్న సెల్స్‌కి ఒక్క క్షణం పాటు మిల్లీమోలార్ ఇన్హిబిటర్, నూరు శాతం డీఎంఎస్ఓ తగులుతాయి. విడిగా 15 ఎంఎల్ ట్యూబులో 2.2 ఎంఎల్ మీడియంకి 2.2 మైక్రోలీటర్లు కలిపి, తిప్పి, అందులోంచి 2 ఎంఎల్ వెల్‌లో పోయండి.

సెల్స్‌ని సిద్ధం చేయడం

ఉదాహరణకి హీలా సెల్స్, సిక్స్-వెల్ ప్లేట్ అనుకుందాం. మర్నాటికి వెల్ ముప్పావు వంతు నిండేలా సెల్స్ వేయండి. సాయంత్రం సీరం లేని మీడియంలోకి, లేదా 0.5 శాతం సీరం ఉన్నదానిలోకి మార్చి రాత్రంతా ఉంచండి. సీరంలో ఉండే గ్రోత్ ఫ్యాక్టర్లు ఎర్క్‌ని లేపుతూనే ఉంటాయి, ముందు అది తగ్గాలి. మీ సెల్స్ ఆకలికి తట్టుకోలేక ఊడిపోతుంటే నాలుగు నుంచి ఆరు గంటలు చాలు.

బీ-రాఫ్ వీ600ఈ మ్యుటేషన్ ఉన్న మెలనోమా సెల్స్ వాడుతుంటే సీరం తీసినా ఎర్క్ మండుతూనే ఉంటుంది. అక్కడ స్టిమ్యులేషన్ అవసరం లేదు, నేరుగా ఇన్హిబిటర్ వేసి చూడొచ్చు.

మొదటి ప్రయోగానికి తొమ్మిది వెల్స్ కావాలి. ఇందులో ఎర్క్‌ని లేపడానికి వేసే గ్రోత్ ఫ్యాక్టర్ ఈజీఎఫ్. ఈజీఎఫ్ లేకుండా డీఎంఎస్ఓ. ఈజీఎఫ్ లేకుండా 10 మైక్రోమోలార్ యు0126. ఈజీఎఫ్‌తో డీఎంఎస్ఓ. ఈజీఎఫ్‌తో ఐదు డోసులు. ఇక తొమ్మిదోది చాలామంది వదిలేసేది: ఈజీఎఫ్‌తో 10 మైక్రోమోలార్ యు0124. నిర్మాణంలో యు0126కి దగ్గరి బంధువే, కానీ మెక్‌ని ఆపదు. యు0126తో కనిపించిన మార్పు యు0124తో కూడా కనిపిస్తే, అది మెక్ వల్ల అని చెప్పడం కష్టం. దీన్ని కూడా ఆర్డర్ పెట్టమని మీ గైడ్‌ని ముందే అడగండి. బయటి దేశం నుంచి వచ్చేదైతే, రివ్యూయర్ అడిగాక ఆర్డర్ పెడితే వారాలు ఎదురుచూడాలి.

సెల్స్‌ని ఇన్హిబిటర్ కలిపిన మీడియంలోకి మార్చి 30 నుంచి 60 నిమిషాలు ఇంక్యుబేటర్‌లో ఉంచండి. నేను గంట ఉంచమంటాను. కారణం ఉంది. మీడియం మార్చడం, ప్లేట్ కదపడం, చల్లబడటం ఇవన్నీ ఎర్క్‌ని కాసేపు లేపగలవు. గంటలో ఆ అలజడి సద్దుమణుగుతుంది. అదే కారణంతో ఈజీఎఫ్ ఇచ్చేటప్పుడు మీడియం మార్చకూడదు, మారిస్తే ఇన్హిబిటర్ కూడా పోతుంది. మిల్లీలీటర్‌కి 10 మైక్రోగ్రాముల ఈజీఎఫ్ తీసుకుని వెల్‌కి 20 మైక్రోలీటర్లు వేయండి, 2 ఎంఎల్‌లో అది మిల్లీలీటర్‌కి 100 నానోగ్రాములు అవుతుంది. మెల్లగా అటూ ఇటూ వంచి ఇంక్యుబేటర్‌లో పెట్టి, 5 నుంచి 10 నిమిషాల మధ్య ఒక సమయం ఎంచుకుని దానికే కట్టుబడండి. వెల్‌కి వెల్‌కి ఒక నిమిషం ఎడం ఇచ్చి మొదలుపెడితే, ఆపేటప్పుడు కూడా అదే వరసలో నిమిషానికొకటి ఆపొచ్చు. టైమర్ పక్కన పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఆపడం, లైసేట్ తీయడం

సమయం కాగానే మీడియం తీసేసి, మంచు మీద పెట్టి, చల్లటి పీబీఎస్‌తో ఒక్కసారి కడిగి, వెంటనే సెల్స్‌ని పగలగొట్టే లైసిస్ బఫర్ పోయండి. అలా వచ్చే ద్రవమే లైసేట్. ఫాస్ఫేట్‌లు ఊడగొట్టే ఎంజైమ్‌లు సెల్ పగిలిన క్షణం నుంచి పని మొదలుపెడతాయి. బఫర్‌లో ఫాస్ఫటేజ్ ఇన్హిబిటర్లు లేకపోతే డీఎంఎస్ఓ కంట్రోల్‌లో కూడా బ్యాండ్ పలుచబడుతుంది, మీకేమో ఇన్హిబిటర్ అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది. సోడియం ఫ్లోరైడ్, బీటా-గ్లిసరోఫాస్ఫేట్, 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవనడేట్ వాడతారు. వనడేట్‌ని పీహెచ్ 10 దగ్గర రంగు పోయేదాకా మరిగించి యాక్టివేట్ చేయాలి, లేకపోతే సరిగా పనిచేయదు. ఈడీటీఏ, డీటీటీ కలిస్తే దాని పని తగ్గిపోతుంది. ఇంత గొడవ వద్దనుకుంటే మరుగుతున్న ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్‌ని నేరుగా సెల్స్ మీద పోయండి. ఎంజైమ్‌లన్నీ అక్కడికక్కడే చచ్చిపోతాయి. అయితే మామూలు బ్రాడ్‌ఫోర్డ్ ఎస్‌డీఎస్‌తో పడదు, ప్రొటీన్ కొలిచే పద్ధతి దానికి తగ్గట్టు ఎంచుకోవాలి.

బ్లాట్‌లో ఏం చూడాలి

10 శాతం జెల్, లేన్‌కి 15 నుంచి 20 మైక్రోగ్రాములు. థ్రియోనిన్ 202, టైరోసిన్ 204 దగ్గర ఫాస్ఫేట్ ఉన్న ఎర్క్‌ని (ఫాస్ఫో-ఎర్క్, అంటే యాక్టివ్ ఎర్క్) గుర్తించే యాంటీబాడీ, దానితోపాటు మొత్తం ఎర్క్ యాంటీబాడీ. ఫాస్ఫో యాంటీబాడీని పాలపొడిలో కాకుండా 5 శాతం బీఎస్ఏలో కలపండి. 44, 42 కిలోడాల్టన్ల దగ్గర రెండు బ్యాండ్లు వస్తాయి, అవే ఎర్క్1, ఎర్క్2. ఎక్స్‌పోజర్ ఎక్కువై బ్యాండ్ నల్లగా మూసుకుపోతే డెన్సిటోమెట్రీకి (బ్యాండ్ గాఢత కొలవడానికి) అర్థం లేదు, చిన్న ఎక్స్‌పోజర్లు కూడా తీసుకోండి.

ఈజీఎఫ్ లేని వెల్‌లో బ్యాండ్ అంతంతమాత్రం, ఈజీఎఫ్‌తో గాఢంగా, యు0126 డోసు పెరిగేకొద్దీ పలుచగా, యు0124తో మళ్లీ గాఢంగా ఉండాలి. మొత్తం ఎర్క్ అన్నిట్లో ఒకేలా ఉండాలి. ఇది వస్తే సగం పనయింది.

ఇంకో రెండు చూడండి. ఒకటి, పైనున్న ఈజీఎఫ్ రిసెప్టర్ ఫాస్ఫోరిలేషన్. యు0126 వల్ల అది తగ్గకూడదు. తగ్గిందంటే దెబ్బ మెక్ కంటే పైన ఎక్కడో తగిలింది. రెండోది, ఫాస్ఫో-మెక్, సెరీన్ 217, 221. దీన్ని చూసి చాలామంది కంగారు పడతారు, ఎందుకంటే ఇన్హిబిటర్ వేసినా అది తగ్గదు, చాలా సెల్స్‌లో పెరుగుతుంది కూడా. మెక్‌కి ఫాస్ఫేట్ అంటించేది రాఫ్. యు0126 ఆపేది మెక్ తన కిందివాటి మీద చేసే పనిని. ఎర్క్ మామూలుగా వెనక్కి తిరిగి రాఫ్‌ని అణచిపెడుతుంది. ఎర్క్ పడిపోతే ఆ అణచివేత పోయి రాఫ్ ఇంకా గట్టిగా మెక్‌కి ఫాస్ఫేట్లు అంటిస్తుంది. కాబట్టి ఫాస్ఫో-ఎర్క్ దిగి ఫాస్ఫో-మెక్ నిలిచి ఉన్న బ్లాట్ యు0126 సరైన చోట తగిలిందనడానికి మంచి సాక్ష్యం.

అసలు పరీక్ష: రెండు గీతలు కలుస్తున్నాయా

ఇప్పుడు మీరు చూడాలనుకున్న మార్పు దగ్గరికి రండి. సెల్స్ కదలడమో, పెరగడమో, ఒక జీన్ ఎక్స్‌ప్రెషనో. దాన్ని కూడా అదే ఐదు డోసుల్లో కొలిచి, ఫాస్ఫో-ఎర్క్ గీత పక్కన పెట్టి చూడండి. ఫాస్ఫో-ఎర్క్ ఏ డోసు దగ్గర పడిపోయిందో మీ మార్పు కూడా ఆ దగ్గర్లోనే రావాలి. ఫాస్ఫో-ఎర్క్ 1 మైక్రోమోలార్‌కే పూర్తిగా మాయమై, మీ మార్పు మాత్రం 10 దగ్గరే కనిపిస్తే, ఆ మార్పు వేరే కారణంతో వచ్చి ఉండొచ్చని గట్టిగా అనుమానించాలి. ఒకే ఒక్క డోసుతో చేసిన ప్రయోగంలో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు. సమయం తక్కువుండి ఈ గైడ్‌లో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

యు0126 మెక్‌ని కాక ఇంకేం తాకుతుందో కొంత తెలుసు. మెక్5-ఎర్క్5 దారిని కూడా అడ్డుకోగలదు, కాబట్టి ఎర్క్5 మీ సెల్స్‌లో ముఖ్యమైతే జాగ్రత్త. మెక్‌తో సంబంధం లేని ఆరైల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్‌ని లేపుతుంది, దానివల్ల సీవైపీ1ఏ1 జీన్ పెరుగుతుంది. ఆర్ఎన్ఏ సీక్వెన్సింగ్ చేసేవాళ్లు దీన్ని మెక్ ఖాతాలో వేసేస్తారు. మెక్‌తో సంబంధం లేకుండా ఆక్సిడేటివ్ స్ట్రెస్ నుంచి సెల్స్‌ని కాపాడుతుందని కూడా చూపించారు, కాబట్టి ఆ అంశం మీద పనిచేసేవాళ్లు యు0126 ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు.

అందుకే రెండో ఇన్హిబిటర్ కావాలి, నిర్మాణంలో దీనికి సంబంధం లేనిది. 1995 నుంచి వాడుకలో ఉన్న పీడీ98059ని ఎంచుకోవడం అలవాటు, కానీ అది బలహీనమైనది, సరిగా కరగదు, పైగా అదీ ఆరైల్ హైడ్రోకార్బన్ రిసెప్టర్ జోలికి పోతుంది. దానికన్నా ట్రామెటినిబ్ పదుల నానోమోలార్లలో వాడండి, లేదా పీడీ0325901 వాడండి. ఒక మెట్టు కిందికి వెళ్లి ఎర్క్‌నే ఆపే ఎస్‌సీహెచ్772984 వాడితే ఇంకా మంచిది. మెక్‌ని ఆపినా ఎర్క్‌ని ఆపినా ఒకే ఫలితం వస్తే వాదన బలపడుతుంది. సైఆర్ఎన్ఏతో (ఎంచుకున్న జీన్‌ని అణచే చిన్న ఆర్ఎన్ఏ) చేయదలిస్తే మెక్1, మెక్2 రెండింటినీ కలిపి తగ్గించండి, ఒకటి తీస్తే రెండోది ఆ పని చేసేస్తుంది.

24 గంటల ప్రయోగాలకి

ఉదయం వేసి మర్నాడు చూసే ప్రయోగమైతే మర్నాడు కూడా ఫాస్ఫో-ఎర్క్ బ్లాట్ తీయాలి. పైన చెప్పిన వెనక్కి తిరిగే అణచివేత పోవడం వల్ల, అణువు చెడిపోవడం వల్ల సిగ్నల్ తిరిగి లేచి ఉండొచ్చు. 1, 6, 24 గంటల దగ్గర లైసేట్లు తీసి చూడండి. 24కి లేచి ఉంటే మధ్యలో తాజా ఇన్హిబిటర్ మీడియం మార్చాలి, డీఎంఎస్ఓ వెల్స్‌కి కూడా అప్పుడే మార్చాలి. సీరం ఉన్న మీడియంలో ప్రొటీన్లు కొంత ఇన్హిబిటర్‌ని పట్టేసుకుంటాయి కాబట్టి, సీరం లేకుండా తేల్చిన డోసు అక్కడ చాలకపోవచ్చు. మళ్లీ తేల్చుకోండి. సెల్స్ చస్తున్నాయేమో కూడా చూసుకోవాలి, చస్తున్న సెల్స్‌లో ఏ జీన్ అయినా దిగినట్టే కనిపిస్తుంది.

ఫాస్ఫో-ఎర్క్ దిగకపోతే

మొదట ఈజీఎఫ్ లేని వెల్ చూడండి. అక్కడే బ్యాండ్ గాఢంగా ఉంటే సీరం తీయడం చాలలేదు, లేదా ప్లేట్‌ని మోటుగా పట్టుకున్నారు. అది బాగానే ఉండి యు0126 వెల్‌లో దిగకపోతే ఈజీఎఫ్‌తో పాటు మీడియం మార్చారేమో గుర్తు తెచ్చుకోండి. అదీ కాకపోతే అనుమానం స్టాక్ మీదే. కొత్త వయల్ తెరిచి, పాతదీ కొత్తదీ పక్కపక్క వెల్స్‌లో 10 మైక్రోమోలార్ వేసి ఒకే జెల్ మీద నడపండి. కొత్తదానితో దిగి పాతదానితో దిగకపోతే ఆ పెట్టెలోని పాత ట్యూబులన్నీ కెమికల్ వేస్ట్ సీసాలోకి పంపండి, వాటితో చేసిన ప్రయోగాల తేదీలు నోట్‌బుక్‌లో గుర్తుపెట్టండి. రెండింటితోనూ దిగకపోతే, అదే యాంటీబాడీతో ట్రామెటినిబ్ వేసిన లైసేట్ ఒకటి నడపండి. దానితోనూ బ్యాండ్ అలాగే నిలబడితే సమస్య ఇన్హిబిటర్‌ది కాదు, యాంటీబాడీది కావచ్చు, లేదా మీ సెల్స్‌లో మెక్‌కే రెసిస్టెన్స్ మ్యుటేషన్ ఉండొచ్చు. ఇంకో సెల్ లైన్ లైసేట్ అదే జెల్ మీద నడిపితే ఈ రెండిట్లో ఏదో తేలుతుంది.